లేతుకు బొట్టెక్కడ పెడతారు

మా ఆయన నోట రోజుకు పదిసార్లు వచ్చే ఆడపేరు నాది కాదు. మాబున్నీది.

పెళ్లయి ఇరవై నాలుగేళ్లు. ఆదినారాయణ నాకు సొంత మేనత్త కొడుకు. అన్నీ తెలిసే చేసుకున్నాను కాబట్టి ఎవరినీ అనడానికి లేదు. నంద్యాల సంజీవనగర్‌లో ఆయనకు, పొలాల్లో మందు కొట్టే పంపులు బాగుచేసే అంగడి ఉంది. పాత పంపులకు ఇప్పుడు సామాన్లు రావు. లోపలి ఇత్తడి బుష్షులూ పిస్టన్లూ కడ్డీ నుంచి కొత్తగా తీయించుకోవాల్సిందే. ఆ తీసేది మాబున్నీ. నలభై కిలోమీటర్ల అవతల ఆళ్లగడ్డలో, రాతి విగ్రహాలు చెక్కే షెడ్ల పక్కన, ఆమెకు లేతు షాపు ఉంది. వాళ్ల నాయన అల్లాబక్ష్ దగ్గర చిన్నప్పుడే పని నేర్చుకుందట. పదకొండేళ్లుగా ప్రతి గురువారం మా ఆయన సంచిలో ఇత్తడి ముక్కలు వేసుకొని ఆళ్లగడ్డ బస్సెక్కుతాడు. ఎక్కేముందు ఇస్త్రీ చొక్కా అడుగుతాడు. ఇనుప రజను ఎగిరే చోటికి ఇస్త్రీ చొక్కా ఎందుకని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఇస్త్రీ చేసేటప్పుడు జేబు కింద ఒక మడత మాత్రం వదిలేస్తాను.

అనుమానం అనుకునేరు. అది కాదు. ఆమె ఆయన్ను "అన్నా" అంటుంది. నన్ను చూడకుండానే "వదిన"ను చేసేసింది. కుదురుగా అసూయపడడానికి కూడా వీల్లేకుండా వరస కలిపేసింది. నా బాధ వేరే. "రేపు ఏం వండమంటావు బావా" అని నేనడిగితే "ఏదో ఒకటి" అంటాడు. ఆ ఒక్క మాటతో ఇరవై నాలుగేళ్లు నెట్టుకొచ్చాడు. అదే మాబున్నీ ఫోన్ చేస్తే, వెంట్రుకలో నాలుగో వంతు మందం గురించి ముప్పావు గంట మాట్లాడతాడు. మధ్యలో నవ్వుతాడు కూడా. ఇత్తడిలో నవ్వేదేముందో బీయెస్సీలో ఫిజిక్స్ చదివిన నాకే తెలీదు.

మొన్న కార్తీకంలో ఒకరోజు అన్నం కలుపుతూ, "సొంతంగా లేతు కొంటాండా. చిన్నది" అన్నాడు.

లేతంటే తెలియనివాళ్లకు చెప్తాను. కడ్డీని గట్టిగా పట్టుకొని గిరగిరా తిప్పే మిషను. తిరిగే కడ్డీకి కత్తిని ఆనిస్తే, మనం దోసకాయకు చెక్కు తీసినట్టు ఇనుముకు చెక్కు లేస్తుంది. పని ఎంత నున్నగా వస్తుందనేది ఆనించే చేతిని బట్టీ, మిషను నిబ్బరాన్ని బట్టీ ఉంటుంది.

నాకు రెండు నిమిషాలు పండగైంది. సొంత లేతు వస్తే ఇక గురువారాలు ఉండవు, ఆళ్లగడ్డ ఉండదు, ఇస్త్రీ ఉండదు. మూడో నిమిషంలో ఆయనే అన్నాడు. "ఏది కొనాల్నో మాబున్నీ చెప్తాది."

నేను పప్పన్నం మీదే మజ్జిగ పోశాను. ఆయన గమనించకుండా తినేశాడు.

ఆ పూటే ఒక నిర్ణయానికొచ్చాను. మా ఇంట్లో మిక్సీ మా ఆడబిడ్డ ఎంచింది. టీవీ అంగడివాడు ఎంచాడు. నన్ను మా అత్త ఎంచింది. ఈ లేతు ఒక్కటీ నేను ఎంచాలి. లేతంటే ఆశ ఉండి కాదు. కారు లేని మా కారు షెడ్డులో అది ముప్పై ఏళ్లు ఉంటుంది. ఆ ముప్పై ఏళ్లూ ఆయన దాన్ని తుడుచుకుంటూ "ఇది మాబున్నీ చూసిన మిషను" అని వచ్చేపోయేవాళ్లకు చెప్తూ ఉంటే, లోపల్నించి వాళ్లకు కాఫీలు అందించే ఓపిక నాకు లేదు.

మధ్యాహ్నాలు ఆయన అంగట్లో ఉన్నప్పుడు ఫోన్లో లేతు వీడియోలు చూడడం మొదలుపెట్టాను. తెలుగులో కొన్ని, హిందీలో కొన్ని, మాట లేకుండా చేతులు మాత్రమే కనబడేవి కొన్ని. వారం తిరక్కుండా నా ఫోనుకు నా మీద అభిప్రాయం మారిపోయింది. చీరల ప్రకటనలు మానేసి కత్తులూ గ్రీజు డబ్బాలూ చూపించసాగింది. తెలిసిందంతా గ్యాస్ బుక్కు వెనక పేజీల్లో రాసుకున్నాను. మిషను బరువుగా ఉండాలి, తేలికదైతే అదురుతుంది. కడ్డీని పట్టుకునే భాగం చక్కు. దాన్ని ఎత్తి చూస్తే కదలకూడదు. కత్తిని మోసే బండి కింద రెండు పట్టాలుంటాయి, వాటిని బెడ్డు అంటారు. పాత మిషనైతే ముందు బెడ్డు చూడాలి, అందులోనూ చక్కు దగ్గర చూడాలి. పనంతా అక్కడే కాబట్టి అరుగుదలా అక్కడే. కొత్త రంగు వేసిన పాత మిషన్ను నమ్మకూడదు. ఈ చివరిది వీడియో చూసి నేర్చుకోవాల్సిందేమీ కాదు. పెళ్లిళ్లకు పోయివచ్చే ఎవరికైనా తెలుసు.

మొదట మా ఆయన ఫోన్లో ఒక కొత్త బుల్లి లేతును చూసి మురిసిపోయాడు. ఎర్రగా, బల్ల మీద పట్టేంత ఉంది. పెట్టె విప్పితే పని మొదలుపెట్టొచ్చట. కింద బరువెంతో రాసి ఉంటే చూశాను. మా అత్త రంగనాయకమ్మకంటే తక్కువ.

"ఇది అదురుతాది బావా. లోపల పళ్లచక్రాలు కూడా ప్లాస్టిక్కువి."

"నీకేం తెల్సు మే. ఊరికుండు."

రెండు రోజుల తర్వాత ఫోన్ పెట్టేసి వంటింట్లోకొచ్చి వార్త చదివినట్టు చదివాడు. "ఆ ఎర్రది వద్దంటాంది మాబున్నీ. తేలికంట, అదురుతాదంట. లోపల పళ్లచక్రాలు ప్లాస్టిక్కువంట. ఏం బుర్ర మే ఆయమ్మది."

"అవును. అట్లాంటి బుర్రలు మన ఊర్లో యాడుండాయి" అన్నాను.

"లేవు" అని ఒప్పుకున్నాడు.

మర్నాడు కాకరకాయ పులుసులో ఉప్పు వేశాను. వేశానో లేదో అని మళ్లీ వేశాను.

తర్వాత జీవన్ కుమార్ తగిలాడు. బొమ్మలసత్రం దగ్గర పాత మిషన్లు కొని అమ్మే మనిషి. ఆయన దగ్గర ఒక చిన్న లేతు ఉందట. దేశవాళీదేనట, పోత ఇనుముదట, నలుగురు పట్టినా లేవదట.

"శుక్రవారం మాబున్నీకి షాపు సెలవు. వచ్చి చూస్తానన్యాది. బాగుందంటే ఆన్నే బయానా ఇచ్చేస్తా" అన్నాడు మా ఆయన.

"నేనూ వస్తా."

"నువ్వెందుకు మే. ఆడంతా గ్రీజు."

"మాబున్నీకి గ్రీజు అంటదా?"

సరే, పాత చీర కట్టుకోమన్నాడు.

శుక్రవారం పది గంటలకు మాబున్నీ మా ఇంటికొచ్చింది. యాభై దాటిన మనిషి. నూలు చీర, తల మీద కొంగు, ఎడమ చేతికి మగవాళ్ల గడియారం. ముంజేతుల మీద వేడి రజను పడి కాలిన చిన్న చిన్న మచ్చలు. అందగత్తె అయి ఉంటే నా పని సులువయ్యేది. ఆమె గడప దాటగానే మా ఆయన లోపల్నించి కుర్చీ తెచ్చి వేశాడు. ఆ కుర్చీ మా ఇంట్లో ఉందని నాకు తెలుసు. దాన్ని ఎత్తే బలం ఆయనకుందని తెలీదు.

"బాగుండావా వదినా" అంటూ పైనుంచి కిందికి ఒక చూపు చూసింది. కడ్డీ కొలిచే చూపు. "అన్న చెప్పేది వింటాంటే ఇంకా ఎత్తు మనిషివి అనుకుంటి."

"ఏం చెప్తాడు?"

"చానా చెప్తాడులే."

ఏం చెప్తాడో మాత్రం చెప్పలేదు. కాఫీ బాగానే కలిపిచ్చాను. చెడ్డ కాఫీ ఇస్తే ఆళ్లగడ్డలో చెప్పుకుంటారు.

జీవన్ కుమార్ షెడ్డులో మిషన్ను మధ్యలోకి లాగి పెట్టాడు. ఆకుపచ్చ రంగు, వాసన ఇంకా పోలేదు. బెడ్డు మీద, చక్కు ముందర, అరచేతి వెడల్పున పసుపు పూసి, మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమబొట్టు పెట్టాడు. పక్కనే అరటిపండుకు మూడు అగరువత్తులు గుచ్చి వెలిగించాడు.

మాబున్నీ కొంగు నడుముకు దోపుకుంది. అక్కడి నుంచి ఆమె వేరే మనిషి. చక్కులో కడ్డీ బిగించి, రెండు చేతులా పైకెత్తి చూసింది. సంచిలోంచి గడియారంలాంటి కొలత డయలు తీసి కడ్డీకి ఆనించి చక్కును తిప్పింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. "గట్టిగానే ఉండాది" అంది. మా ఆయన తలాడించాడు. మిషను వేయమని, కళ్లు మూసుకొని శబ్దం వింది. "చక్రాల పండ్లు అరగలేదు" అంది. మా ఆయన ఆ పండ్లు తానే తోమినట్టు నవ్వాడు. గ్యాస్ బుక్కులో నేను రాసుకున్న వరసలోనే చేసుకుపోతోంది, ఒక్కటీ వదల్లేదు. తప్పు దొరక్క నాకు చెమట పట్టింది.

చివరికి కత్తి బండిని అవతలి కొస నుంచి చక్కు వైపు మెల్లగా జరుపుకుంటూ వచ్చి, పసుపుకు జానెడు ఇవతల ఆపింది.

"ఇంకా ముందుకు పోవాల్నే."

జీవన్ కుమార్ చేతులు కట్టుకున్నాడు. "పోగూడదు మా. అది ఆయుధపూజ నాడు పెట్టిన బొట్టు. దసరా నుంచి అట్లనే కాపాడుకుంటాండా. శుక్రవారం పూట చెరిపితే నాకు మంచిది కాదు. కొనుక్కున్యాక మీ ఇంట్లో మీరు తుడుచుకొని మళ్ల పెట్టుకోండి."

మాబున్నీ చేయి వెనక్కి తీసుకుంది. "మీ పూజది. నేను ముట్టుకోనప్పా." మా ఆయన వైపు తిరిగింది. "మిగతాదంతా బాగుండాదన్నా. ఆ జానెడే చూడలేదు. నువ్వు తుడిచి చూడు."

"శుక్రవారం పూట నేను తుడుస్తానా?" మా ఆయన చెంపలేసుకున్నంత పని చేశాడు. "మిగతాదంతా బాగుందంటివి గదా. చాలు." జేబులో చేయి పెట్టాడు.

ఒకరికి మర్యాద అడ్డం, ఒకరికి భక్తి అడ్డం. జీవన్ కుమార్ ఇద్దరినీ బాగానే అంచనా వేశాడు. మూడో మనిషి ఒకతి ఉందని పట్టించుకోలేదు. అది నాకు అలవాటే.

నిజం చెప్పాలంటే ఆ క్షణంలో లేతు మంచిచెడ్డలు నాకు పట్టలేదు. ఆ చేయి జేబులోంచి బయటికొస్తే అది మాబున్నీ ఎంచిన లేతు అయిపోతుంది. అది ఆగాలి. ఏదో ఒక వంక పెట్టాలి. వంక కోసమే ఆ బొట్టు వైపు చూశాను. చూశాక వంక పెట్టే పని లేదని తెలిసింది.

బొట్టు పెట్టడంలో నాకు ఇరవై నాలుగు దసరాల అనుభవం ఉంది. ప్రతి వస్తువుకూ ఒక నుదురుంటుంది. గ్రైండరుకు రాయి మీద పెట్టం, డబ్బా ముందువైపు పెడతాం. కుట్టుమిషనుకు సూది కింద పెట్టం, మెడ మీద పెడతాం. రోజూ రాసుకొని జరిగే చోట బొట్టు నిలవదు కాబట్టి అక్కడ ఎవరూ పెట్టరు. బండి జరిగే పట్టా మీద, అదీ పనంతా జరిగే చక్కు ముందర, ఎవరు పెడతారు? ఇంకో సంగతి కూడా ఉంది. దసరా పోయి రెండు నెలలైంది. నీళ్లతో కలిపిన పసుపు రెండు రోజులకే ఎండి పెచ్చులు లేస్తుంది. ఇనుము మీదైతే అంచుల్లో తుప్పు కూడా తేలుతుంది. ఇదేమో తడి ఆరకుండా, పొద్దున పూసిన గడపలా నిగనిగలాడుతోంది.

"అయ్యో, జీవన్ కుమారన్నా." నాకున్న గొంతుల్లో మా అత్త దగ్గర వాడేదాన్ని బయటికి తీశాను. "దసరా బొట్టు కార్తీకం దాటినాక ఉంచుకుంటారా? వ్యాపారం చేసే చోట పాత బొట్టు ఉండగూడదు. శుక్రవారం నా చేత్తో తుడిచి కొత్తది పెడతా. నీకూ మంచిది. ఇంత పసుపు ఇయ్యి."

"వద్దు మా, నీకెందుకు శ్రమ."

"పూజకు శ్రమేందన్నా."

ఆయన ఇంకో మాట వెతుక్కునేలోపు కొంగు అంచు మడిచి, పైకి వినబడేలా "అమ్మా తల్లీ" అని, తుడిచేశాను.

పసుపు ఒక్క తుడుపుతో వచ్చేసింది. కింద ఇంకో రంగు తేలింది. ఇనుము రంగులాంటిదే కానీ ఇనుము కాదు. గోడ పగుళ్లకు రంగు వేసేవాళ్లు పూసే లప్పంలా ఉంది. జడపిన్ను తీసి గీరాను. పొడి రాలింది.

"బావా, పోత ఇనుము ఇట్ల రాల్తాదా?"

ఈసారి మాబున్నీ వెనకాడలేదు. బొట్టు లేదు కదా. లప్పం అంచును గోటితో పట్టి లేపింది. అది బిళ్లలా ఊడి ఆమె చేతిలోకొచ్చింది. కింద పట్టా మీద వేలు దూరేంత గుంట, గుంటలోంచి పక్కకు పాకిన సన్నటి పగులు.

"చక్కు జారి పడిండాది" అంది మాబున్నీ. "చక్కు ఊడదీసేటప్పుడు కింద చెక్క పెట్టల్ల. ఎవుడో మొద్దు పెట్టలేదు. ఈ గుంట మీద బండి పోతే కత్తి ఎగురుతాది. తీసిన ప్రతి బుష్షుకూ ఆడ ఒక మెట్టు పడ్తాది. పగులు ఇంకో ఏడాదికి ఈ కొసకు వస్తాది."

జీవన్ కుమార్ తనకేమీ తెలియదన్నాడు. తాను కొన్నప్పుడే అలా ఉండి ఉండొచ్చన్నాడు. ఆయన వైపు నుంచి అగరువత్తులు మాత్రం పొగ ఆపకుండా కష్టపడుతున్నాయి.

బయటికొచ్చి ఆటో కోసం నిలబడ్డాం. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. ఇరవై నాలుగేళ్లుగా నాకు రావాల్సిన మాట ఒకటి ఇప్పుడొస్తుందని నేను కొంగు సర్దుకొని సిద్ధంగా ఉన్నాను.

"చూసినావా మే. ఆ జానెడు చూడాల్నని మాబున్నీ ముందే అన్యాది."

నేను నోరు తెరిచేలోపే మాబున్నీ అందుకుంది. 

"యాడన్నా నేనన్యాది? మిగతాదంతా బాగుందంటి. నువ్వు దుడ్లు తీయబోతివి. కనిపెట్టింది వదిన." నా వైపు తిరిగింది. "ఎట్ల తెలిసె నీకు?"

నుదురు సంగతీ తడి సంగతీ చెప్పాను. మిషను శబ్దం విన్నట్టే కళ్లు మూసుకొని వింది.

"మా నాయన యాభై ఏండ్లు లేతు మీద బతికినాడు. ఆయనకు గూడా ఇది తెల్దు" అంది.

నాకు చిరాకేసింది. ఒక మనిషి మీద అసూయపడడానికి ఇంత కష్టపడుతుంటే ఆ మనిషే మెచ్చుకుంటే ఎలా?

ఎదురుగా టీ అంగడి ఉంటే కూర్చున్నాం. మాబున్నీ గ్లాసులోకి చూస్తూ చాలాసేపు ఊదింది. టీ ఎప్పుడో చల్లారిపోయింది.

"అన్నా, ఒక మాట. ఆళ్లగడ్డలో ఫ్రాన్సిస్ సారు దగ్గర ఒక చిన్న లేతుండాది. సారు ఐటీఐలో పని నేర్పించి రిటైరైనాడు. చూపు తగ్గింది, అమ్మేస్తానంటాడు. ఈ చుట్టుపక్కల అంత మంచిది లేదు."

"మరి నెల నుంచి ఒక్క మాట చెప్పకపోతివే?" అన్నాడు మా ఆయన.

"నాకు కావాల్నని చెప్పలేదు. నా పెద్ద మిషన్లో సన్నపని కుదరడంలే. ఉగాదికి తీసుకుందామని ఉంటి. నువ్వు చూస్తే పట్టుకుపోతావని ఇటుపక్క తిప్పినా." గ్లాసు కింద పెట్టింది. "ఆ లప్పం ఊడొచ్చినప్పుడు నాకు సిగ్గయిపాయ. ఆయప్ప బొట్టు కింద దాచినాడు, నేను నోట్లో దాచినా."

మా ఆయన ముఖం చూడాల్సింది. దేవుడి పటం గోడ మీద వంకరగా కనబడ్డట్టు చూస్తున్నాడు. నా అసూయకు పదకొండేళ్లలో మొదటిసారి ఒక ఆధారం దొరికింది. నేను సంబరపడాలి. కానీ ఎక్కడో ఒక మూలనున్న పాత లేతు మీద ఇంకెవరి కన్నూ పడకూడదని ఆమె నెల రోజులు పడిన తంటా, గురువారం చొక్కాకు నేను వదిలే మడత, రెండూ ఒకే తాను ముక్కలనిపించాయి.

"పదండి, చూసొద్దాం" అన్నాను.

ఆళ్లగడ్డ బస్సులో ఆడవాళ్ల సీట్లో నేనూ మాబున్నీ కూర్చున్నాం. మా ఆయన రెండు వరసల వెనక కమ్మీ పట్టుకొని నిలబడ్డాడు. దారిలో శిరివెళ్ల ఊరు దాటాం. తర్వాత ఆమే మొదలుపెట్టింది.

"వదినా, నిన్ను చూడకముందు నువ్వంటే నాకు కడుపుమంట."

"నేనంటేనా?"

"ప్రతి గురువారం అన్నది ఒకటే పాట, నీ పేరే. అమృత చెప్పింది, టీలో చక్కెర తగ్గించల్లంట. అమృత చెప్పింది, నడుం నొప్పికి నేల మీద పండుకోవల్లంట. నా షాపులో నిలబడి నా మిషన్ను చూస్తా అమృత చెప్పింది, అమృత చెప్పింది. మొన్న ఫోన్ చేసి, 'ఎర్ర లేతు తేలిక, అదురుతాది, పళ్లచక్రాలు ప్లాస్టిక్కువని అమృత చెప్తాంది, నిజమేనా' అని అడిగినాడు. నిజమే అంటి. ఇంట్లో ఉండే ఆడమనిషికి ఇవన్నీ యాడ తెలుస్తాయని ఆ పొద్దంతా నాకు పని సాగలే."

అంటే నా మాట నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయి, అక్కడ ముద్ర వేయించుకొని, మాబున్నీ పేరుతో మళ్లీ నా వంటింటికే వచ్చిందన్నమాట. వెనక్కి తిరిగి ఆయన్ను చూశాను. కమ్మీకి వేలాడుతూ మెడ చాచి, "ఏందీ, ఏం మాట్లాడుకుంటాండారు?" అన్నాడు. నేను మాబున్నీ చెవి దగ్గరికి వంగి, ఏమీ లేకపోయినా నవ్వాను. ఆమెకు వెంటనే అర్థమైంది. ఆమె కూడా నవ్వింది.

ఫ్రాన్సిస్ సారు ఇంటి వెనక వసారాలో, పాత దుప్పటి కింద ఉంది లేతు. దుప్పటి తీస్తే చూడ్డానికేమీ లేదు. రంగు ఎప్పుడో పోయింది. ఒళ్లంతా నూనె నలుపు. సారు గుడ్డతో బెడ్డు మీద ఒకసారి తుడిచాడు. పట్టా మీద నా గాజులు అద్దంలోలాగా కనబడ్డాయి. ఆయన క్రైస్తవుడు కాబట్టి బొట్టు తుడిచే పని తప్పింది.

"ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు సారు.

మా ఆయన అలవాటుగా మాబున్నీని చూశాడు. మాబున్నీ డయలు తీసి నా చేతిలో పెట్టింది. "వదిన చూస్తాది."

గ్యాస్ బుక్కు ఇంట్లో ఉంది కానీ వరస తలలో ఉంది. కడ్డీ బిగించి ఎత్తాను, కదల్లేదు. డయలు ఆనించి తిప్పాను, ముల్లు నిద్రపోయింది. బండిని అవతలి కొస నుంచి చక్కు దాకా తిప్పుకుంటూ వచ్చాను. చేతికి ఎక్కడా బిగువూ లేదు, వదులూ లేదు, వేడి పెనం మీద వెన్న జరిగినట్టు జరిగింది. చివరికి కడ్డీ మీద కత్తి ఆనించమని మాబున్నీని అడిగాను. అది నాకు రాదని ఒప్పుకోవడానికి మనసొప్పలేదు, అయినా అడిగాను. సన్నటి చెక్కు చుట్టలు చుట్టుకుంటూ లేచింది. కడ్డీని ఈ కొసా ఆ కొసా కొలిచాం. రెండూ ఒకటే.

"ఇదే" అన్నాను.

మాబున్నీ చేయి ఇంకా మిషను చక్రం మీదే ఉంది. తీయాలని గుర్తొచ్చినట్టు తీసేసింది. మా ఆయన నన్ను చూస్తున్నాడు, సారు నన్ను చూస్తున్నాడు. కోరుకున్నది ఇదే. ఇంట్లో ఒక వస్తువును నేను ఎంచడం, అందరూ నా నోటి వైపు చూడడం. మాబున్నీకి వదిలేస్తే గొప్పగా ఉంటుంది, కానీ ముప్పై ఏళ్లు గురువారం చొక్కాలు ఇస్త్రీ చేయాలి. నేను త్యాగాలు చేసే మనిషిని కాను.

"మేం తీసుకుంటాం సార్."

మాబున్నీ తలాడించి, డయలును గుడ్డలో చుట్టసాగింది. ఒకసారి చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది.

"గురువారం మాత్రం మిషను నీది మాబున్నీ" అన్నాను. "నీ సన్నపనంతా తెచ్చుకొని రా. ఆ రోజు బావ ముట్టుకోడు."

"అన్నను అడగవా?"

"ఎందుకు, ముద్ర వేయించుకోవడానికా?"

దయ అనుకునేరు. ఆయన పోయి ఆమె కళ్ల ముందు నిలబడడం కంటే ఆమె వచ్చి నా కళ్ల ముందు పనిచేయడం మేలు కదా. పైగా ఆమెలా బుష్షు తీయడం ఆయన వల్ల కాదని, సొంత మేనత్త కొడుకైనా సరే, నాకు తెలుసు.

లేతు మా షెడ్డులోకి వచ్చి నాలుగు నెలలైంది. బొట్టు నేనే పెట్టాను, ముందువైపు పెట్టె మీద, చేయి తగలని చోట. మా ఆయన కొబ్బరికాయ తెచ్చి మిషను మీద కొట్టబోతే ఆపాను. నీళ్లు పడితే తుప్పు పడుతుంది, గడప దగ్గర కొట్టమన్నాను. "మాబున్నీ చెప్పిందా?" అన్నాడు. "నేను చెప్పినా" అన్నాను. పోయి గడప దగ్గర కొట్టాడు.

ఇప్పుడు గురువారాలు మాబున్నీ పది గంటల బస్సుకు వస్తుంది. రెండింటిదాకా పని చేసుకుంటుంది. ఆయన పక్కన లైటు పట్టుకొని నిలబడతాడు, మామూలు చొక్కాతోనే. తర్వాత చేతులు కడుక్కొని ఆమె వంటింట్లోకి వచ్చేస్తుంది. మేమిద్దరం మాట్లాడుకుంటాం. ఆయన గుమ్మం దగ్గరికొస్తే మానేస్తాం. మానేయడానికి కారణమేమీ లేదు. మానేస్తే బాగుంటుంది.

నిన్న నేను చిక్కుడుకాయలు వలుస్తుంటే నా ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేసరికి కాయలన్నీ అయిపోయాయి. మా ఆయన పేపరు పట్టుకొని ఒకే పేజీ దగ్గర ఉన్నాడు.

"ఎవరు మే?"

"మాబున్నీ."

"నాకియ్యాల్సింది. ఇత్తడి కడ్డీ సంగతి అడగాల్నంటి."

"నాకు చేసింది బావా."

పేపరు మడిచాడు. మళ్లీ విప్పాడు. "ముప్పావు గంట మాట్లాడినారు. ఏం చెప్పింది?"

గింజల గిన్నె తీసుకొని లేచాను.

"ఏదో ఒకటి" అన్నాను.